అబార్షన్ మీద బ్యాలట్‌లో వచ్చే ప్రశ్న: "యెస్" అంటే దేనికి యెస్?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీరు సెయింట్ లూయీస్ దగ్గర ఉంటున్నారు. నిరుడు పౌరసత్వం వచ్చింది. 2026 నవంబరు 3న అమెరికాలో మొదటిసారి ఓటు వేయబోతున్నారు. మిస్సోరీ బ్యాలట్ మీద అబార్షన్‌కు సంబంధించిన రాజ్యాంగ సవరణ ఉంది. మీ అమ్మగారు "భ్రూణహత్య మహాపాపం" అంటున్నారు. మీ శ్రీమతి "ఇది ఆడవాళ్ల ఆరోగ్యం సంగతి" అంటున్నారు. మీకేమో ఆ వాక్యమే అర్థం కావడం లేదు. యెస్ అంటే అబార్షన్‌కు యెస్సా, నిషేధానికి యెస్సా? తేల్చుకోలేకపోతే ఆ గడిని ఖాళీగా వదిలేయవచ్చా? డల్లాస్‌లో ఉన్న మీ స్నేహితుడికి ఇలాంటి ప్రశ్న ఎందుకు రాలేదు?

సూటిగా జవాబు ఇది. మిస్సోరీలో ఈసారి యెస్ అంటే, 2024లో ఓటర్లే రాజ్యాంగంలో చేర్చిన గర్భస్రావ హక్కును తీసేయడం. నో అంటే దాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచడం. 2024లో యెస్ అన్నవారు ఇప్పటికీ అదే అభిప్రాయంతో ఉంటే ఈసారి నో అనాలి. ఖాళీగా వదిలేయవచ్చు, మీ మిగతా ఓట్లన్నీ చెల్లుతాయి. అయితే అన్ని రాష్ట్రాల్లో ఖాళీ గడికి అర్థం ఒకటి కాదు, అది కింద చెబుతాను. ఎలా తేల్చుకోవాలన్నదానికి నేను పాటించే పద్ధతి ఒకటే. ఈ రోజు అమల్లో ఉన్నది ఏమిటి, ప్రతిపాదన గెలిస్తే మారేది ఏమిటి, ఓడితే మిగిలేది ఏమిటి? ఈ మూడూ తెలిసేదాకా పెన్ను తీయకండి.

నేను లాయరును కాను. కర్నూలు మెడికల్ కాలేజీలో చదువుకుని, ఇరవై రెండేళ్లుగా ఒహాయోలో ఐసీయూలోను, అవసాన దశ రోగుల సంరక్షణలోను పనిచేస్తున్న డాక్టరును. మా ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో పదేళ్లకు పైగా ఉన్నాను. ఇలాంటి ప్రతిపాదనలు చట్టాలయ్యాక వాటిని మంచం పక్కన నిలబడి అమలు చేయాల్సింది మాలాంటివాళ్లమే. ఎన్నికల ముందు మా ఊరి గుడి హాలులో తెలుగువాళ్లం కలిసి నమూనా బ్యాలట్ చదువుకునే అలవాటు కూడా ఉంది. నేను చెప్పేదంతా ఈ రెండు చోట్ల నేర్చుకున్నదే.

మన దేశంలో మనం గుర్తు చూసి ఓటు వేసి పెరిగినవాళ్లం. ప్రశ్నకు గుర్తు ఉండదు. పార్టీ పేరు ఉండదు. పొడుగాటి వాక్యం, దాని కింద రెండు గడులు, అంతే. అందుకే చదువుకున్నవాళ్లు కూడా తడబడతారు.

మా ఒహాయోలో 2023లో జరిగింది చూడండి. ఆగస్టు 8న "ఇష్యూ 1" పేరుతో ఒక ప్రతిపాదన వచ్చింది. రాజ్యాంగ సవరణ గెలవాలంటే సగానికి పైగా ఓట్లు చాలవు, 60 శాతం రావాలి అన్నది దాని సారం. అందులో అబార్షన్ అన్న మాటే లేదు. కానీ నవంబరులో రాబోయే గర్భస్రావ హక్కు సవరణను దృష్టిలో పెట్టుకునే ఆ గీతను పైకి జరుపుతున్నారని అందరికీ తెలుసు. 57 శాతం మంది నో అన్నారు. మూడు నెలలు తిరిగేసరికి నవంబరు 7న అసలు సవరణ వచ్చింది. దాని పేరూ "ఇష్యూ 1" యే. ఈసారి హక్కు కావాలనుకునేవారు యెస్ అనాలి.

ఆ అక్టోబరులో గుడి హాలులో, రిటైరైన టీచరమ్మ ఒకావిడ నమూనా బ్యాలట్‌ను బల్ల మీద పరిచి, ఆ అంకె మీద వేలు పెట్టి అడిగారు: "ఆగస్టులో నో అన్నాను కదమ్మా, మళ్ళీ నో అనాలి కదా?" ఆవిడకు డెబ్బై నాలుగేళ్లు. ముప్పై ఏళ్లు తెలుగు వ్యాకరణం చెప్పిన మనిషి. "మీకు ఏం కావాలి పిన్నిగారూ?" అని అడిగాను. "ఎవరి ఇంటి కష్టం వాళ్లకు వదిలేయాలి, మధ్యలో పోలీసులు ఎందుకు?" అన్నారు. అయితే ఈసారి యెస్ అనాలని చెప్పాను. అదే బల్ల దగ్గర మరొకాయన, గర్భస్రావం ఏ దశలోనూ తప్పే అని నమ్మేవారు, ఆగస్టులో యెస్ వేసి, నవంబరులోనూ యెస్సే అనుకుంటున్నారు. ఆయనకూ చెప్పాను, మీరు కోరేది నో అవుతుందని. నేను ఎటు వేస్తానన్నది వేరే సంగతి. మనిషి తాను అనుకున్నదానికి ఎదురుగా ముద్ర వేసి ఇంటికి వెళ్ళకూడదు. ఆ సవరణ చివరకు దాదాపు 57 శాతంతో గెలిచింది.

ఆ నవంబరు బ్యాలట్‌లో ఇంకో తేడా ఉంది. సవరణ పూర్తి పాఠంలో "పిండం" అని ఉన్నచోట, బ్యాలట్ మీద అచ్చయిన సారాంశంలో "పుట్టని బిడ్డ" అని మార్చారు. కోర్టుకు వెళ్ళినా ఆ మాట మారలేదు. ఓటరు బూత్‌లో చదివేది సారాంశాన్ని, రాజ్యాంగంలో చేరేది మాత్రం పూర్తి పాఠం. అందుకే ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇదే: పూర్తి పాఠాన్ని ఇంట్లో కూర్చుని చదవండి. బూత్‌లో కనిపించే సారాంశాన్ని ఎవరో ఒకరు ఎంచి రాసి ఉంటారు.

మాటల మాయ ఒక పక్షానికే పరిమితం కాదు. 2024లో న్యూయార్క్ ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 1 గర్భస్రావ హక్కును కాపాడడానికే వచ్చిందని ప్రచారం జరిగింది. బ్యాలట్ మీద మాత్రం అబార్షన్ అన్న మాట లేదు, గర్భం, పునరుత్పత్తి ఆరోగ్య సంరక్షణ అనే మాటలే ఉన్నాయి. కాన్సస్‌లో 2022 ఆగస్టు 2న వచ్చిన సవరణకు "ఇద్దరికీ విలువనిద్దాం" అని పేరు పెట్టారు. అక్కడ యెస్ అంటే రాష్ట్ర రాజ్యాంగంలో గర్భస్రావ హక్కు ఉందన్న 2019 నాటి కోర్టు తీర్పును పక్కన పెట్టడం. అమెరికా సుప్రీంకోర్టు డాబ్స్ తీర్పుతో, 1973 నుంచి దేశమంతటా గర్భస్రావాన్ని హక్కుగా నిలిపిన రో తీర్పును 2022 జూన్ 24న కొట్టేసింది. ఆ తరువాత జరిగిన మొదటి ఓటింగ్ అదే. రిపబ్లికన్ల బలం ఎక్కువగా ఉన్న రాష్ట్రంలో 59 శాతం మంది నో అన్నారు.

అన్నిటికంటే గజిబిజి నెబ్రాస్కాది, అది మరణశిక్ష మీద. 2015లో అక్కడి చట్టసభ గవర్నరు వీటోను కూడా దాటి మరణశిక్షను రద్దు చేసింది. 2016లో ఆ రద్దు చట్టాన్ని ఓటర్ల ముందుకు తెచ్చారు. గడులు రెండు: "ఉంచండి", "రద్దు చేయండి". ఉంచండి అంటే రద్దు చట్టాన్ని ఉంచడం, అంటే మరణశిక్ష పోతుంది. రద్దు చేయండి అంటే రద్దును రద్దు చేయడం, అంటే మరణశిక్ష మళ్ళీ వస్తుంది. సుమారు 61 శాతం మంది రెండోదాన్ని ఎంచుకున్నారు. అదే రోజు కాలిఫోర్నియాలో మరణశిక్ష తీసేయాలన్న ప్రతిపాదన ఓడింది, దాని అమలును వేగవంతం చేసే ప్రతిపాదన స్వల్ప తేడాతో గెలిచింది. ఆ తరువాత 2019లో గవర్నరు మరణశిక్షల అమలునే నిలిపివేశారు. ఓటు పడిన మాత్రాన ఏదీ పూర్తయిపోదని ఇలాంటివి చూశాకే నాకు అర్థమైంది.

ఇక మీ మిస్సోరీ. 2024 నవంబరులో 51.6 శాతంతో గెలిచిన సవరణ, శిశువు గర్భం బయట బతకగల దశ వచ్చేదాకా గర్భస్రావాన్ని హక్కుగా గుర్తించింది. ఆ దశ సుమారుగా 24 వారాలని మేము లెక్క వేస్తాం, ఒక్కో కేసులో కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ఆ గెలుపు తరువాత కూడా క్లినిక్కుల మీద పాత నిబంధనలు నిలుస్తాయా లేదా అని కోర్టుల్లో కేసులు నడిచాయి. 2025లో సేవలు ఒకసారి మొదలై, ఆగి, మళ్ళీ మొదలయ్యాయి. ఆ ఏడాది మే నెలలో చట్టసభ కొత్త సవరణను ఓటర్లకు పంపింది. 2024 సవరణ రద్దు, వైద్యపరమైన అత్యవసర స్థితిలోను, పిండంలో తీవ్ర లోపాలు ఉన్నప్పుడు మినహాయింపు, అత్యాచారం లేదా రక్తసంబంధీకుల వల్ల వచ్చిన గర్భమైతే 12 వారాల దాకా అనుమతి, ఇదీ దాని సారం. మైనర్లకు లింగ మార్పిడి చికిత్సల నిషేధాన్ని కూడా అందులోనే కలిపారు. అంటే రెండు వేర్వేరు ప్రశ్నలకు మీరు ఒకే గడిలో జవాబు చెప్పాలి. ఒకదానికి ఔననీ రెండోదానికి కాదనీ చెప్పే వీలు లేదు. ఏది మీకు ఎక్కువ బరువైనదో మీరే తూచుకోవాలి. మొదట రాసిన సారాంశంలో 2024 సవరణ రద్దవుతుందన్న ముక్కే స్పష్టంగా లేదని, తిరగరాయమని 2025 సెప్టెంబరులో ఒక న్యాయమూర్తి ఆదేశించారు. మీకు ఆ వాక్యం అర్థం కాకపోవడం మీ ఇంగ్లీషు లోపం కాదు.

ఖాళీ గడి గురించి. మిస్సోరీలో ఆ ప్రశ్నకు పడిన ఓట్లలో సగానికి పైగా వస్తే గెలుపు, కాబట్టి ఖాళీ గడి ఎటూ లెక్కకు రాదు. మిన్నెసోటాలో రాజ్యాంగ సవరణకు ఖాళీ వదిలితే అది నో కిందే లెక్క. టెన్నెసీలో గవర్నరు ఎన్నికలో పడిన మొత్తం ఓట్లలో సగానికి మించి సవరణకు యెస్ రావాలి. 2014లో అక్కడ అబార్షన్ సవరణ వచ్చినప్పుడు, గవర్నరు గడిని ఖాళీగా వదిలి సవరణకు మాత్రం ఓటు వేయమని కొందరు ప్రచారం కూడా చేశారు. ఫ్లోరిడాలో 60 శాతం కావాలి. 2024లో అక్కడి గర్భస్రావ హక్కు సవరణకు 57 శాతం పైగా వచ్చినా ఓడిపోయింది. ఆ 60 శాతం నిబంధనను 2006లో ఓటర్లే ఆమోదించారు, అప్పుడు దానికి వచ్చింది సుమారు 58 శాతం. తాను పెట్టిన పరీక్షలో తానే నెగ్గలేని నిబంధన అది. నెవాడాలో పౌరులు తెచ్చిన సవరణ వరుసగా రెండుసార్లు గెలవాలి. 2024లో 64 శాతంతో గెలిచిన హక్కు సవరణ 2026లో మళ్ళీ ఓటర్ల ముందుకు వస్తున్నది అందుకే.

డల్లాస్ స్నేహితుడి సంగతి సులువు. టెక్సస్‌లో పౌరులు సంతకాలు సేకరించి రాష్ట్ర స్థాయి ప్రశ్నను బ్యాలట్ మీదికి తెచ్చే వీలు లేదు. మనవాళ్లు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీ, జార్జియా, నార్త్ కరోలినాలలో కూడా అంతే. అక్కడ చట్టసభ పంపితేనే ప్రశ్న వస్తుంది. ఈ సంతకాల పద్ధతిని మొదట తెచ్చుకున్నది 1898లో సౌత్ డకోటా.

ఇప్పుడు నాకు ముఖ్యమైనదానికి వస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి.

2022 వేసవిలో మా రాష్ట్రంలో ఆరు వారాల చట్టం, అంటే సుమారు ఆరు వారాలు దాటితే గర్భస్రావాన్ని నిషేధించే చట్టం, కొన్ని నెలలు అమల్లో ఉంది. ఆరు వారాలంటే గర్భం దాల్చిన రోజు నుంచి కాదు, చివరి నెలసరి మొదటి రోజు నుంచి. అంటే నెలసరి తప్పిందని గమనించాక మిగిలేది రెండు వారాలే. ఆ రోజుల్లో ఒక రాత్రి ఒకటిన్నరకు ప్రసూతి డాక్టరు నుంచి నాకు ఫోను వచ్చింది. నేను ఆ వారం ఎథిక్స్ కమిటీ తరఫున అందుబాటులో ఉండాల్సిన మనిషిని. (రోగిని గుర్తుపట్టే వివరాలు మార్చాను.) 18 వారాల గర్భం, ఉమ్మనీరు మొత్తం పోయింది. శిశువు గుండె కొట్టుకుంటోంది, కానీ ఆ దశలో బతికి బట్టకట్టే ఆశ లేదు. తల్లికి ఇంకా జ్వరం లేదు. ఆమె కోరి తెచ్చుకున్న గర్భం అది. రెండేళ్లుగా ఎదురుచూసిన బిడ్డ.

నేను వెళ్ళేసరికి నర్సుల బల్ల మీద చట్టం నుంచి అచ్చు తీసిన ఒక పేజీ ఉంది. తల్లి ప్రాణాపాయం తప్పించడానికి, లేదా శరీరంలోని ముఖ్యమైన పని ఏదైనా "సరిదిద్దలేనంతగా" దెబ్బతినే తీవ్ర ప్రమాదాన్ని తప్పించడానికి అయితే మినహాయింపు. ఆ మాట కింద ఎవరో పెన్సిలుతో రెండు గీతలు గీశారు. "ఎంత జ్వరం వస్తే సరిదిద్దలేనిది అవుతుంది?" అని ఆ డాక్టరు అడిగారు. నిజంగానే అడిగారు, వాదన కోసం కాదు. ఫోనులో ఉన్న లాయరుకూ తెలియదు. గదిలో ఆమె భర్త చేతిలో థర్మామీటరు పట్టుకుని, పావుగంటకోసారి చూసి, గోడ మీది తెల్ల బోర్డు మీద అంకె రాస్తున్నాడు. 98.9. 99.4. 99.8. ఆ అంకె పెరగకూడదని కోరుకోవాలో, పెరగాలని కోరుకోవాలో అతనికి తెలియడం లేదు. తెల్లవారుజామున 101 దాటింది, వణుకు మొదలైంది. అప్పుడు గర్భస్రావం చేశారు. ఆమె మూడు రోజులు నా ఐసీయూలో ఉండి బతికి బయటపడింది.

ఆ రాత్రి తరువాత నేను ఏ ప్రతిపాదన చదివినా, అందులోని ప్రతి విశేషణాన్నీ రాత్రి ఒకటిన్నరకు నర్సుల బల్ల మీద పెట్టి చూస్తాను. "తీవ్రమైన", "అత్యవసర", "సహేతుకమైన" అని రాసి ఉంటే, ఎవరు నిర్ణయిస్తారు, పొరపాటు జరిగితే ఎవరు జైలుకు వెళ్తారు అని చూస్తాను. 2023 నవంబరులో నేను యెస్ వేశాను. దాచుకోవడానికి ఏమీ లేదు.

అయితే ఇంకో మనిషి గురించి కూడా చెప్పాలి. నెలలు నిండని శిశువుల విభాగంలో పనిచేసే నర్సు ఒకావిడ, నాకు చాలా ఏళ్ల స్నేహితురాలు. 23 వారాలకు పుట్టిన అరకిలో పైచిలుకు పసికందును అరచేతిలో పట్టుకుని బతికించే మనిషి. ఆవిడ నో వేసింది. సవరణ పాఠంలో, బతకగల దశ దాటాక కూడా తల్లి ప్రాణానికో ఆరోగ్యానికో అవసరమని డాక్టరు భావిస్తే గర్భస్రావాన్ని నిషేధించరాదని ఉంది. "ఆ ఆరోగ్యం అనే మాట ఎంతదాకా సాగుతుంది? దానికి గట్టు ఎక్కడ?" అని అడిగింది. పూర్తి పాఠం చదివి, ఆ మాట మీద వేలు పెట్టి అడిగిన ప్రశ్న అది. నా జవాబు ఆవిడను ఒప్పించలేదు. ఇప్పటికీ ఒకే క్యాంటీన్ బల్ల దగ్గర భోజనం చేస్తాం. మీ ఇంట్లో అభిప్రాయాలు కలవకపోతే ఈ స్థాయిలో విభేదించండి, దానివల్ల ఇల్లు చెడిపోదు.

రాజ్యాంగంలో చేరిన వాక్యం చాలాకాలం నిద్రపోయి హఠాత్తుగా లేవగలదు. 2018లో అలబామా ఓటర్లు పుట్టని జీవితపు పవిత్రతను గుర్తించే సవరణను 59 శాతంతో ఆమోదించారు. రో తీర్పు ఇంకా అమల్లో ఉండడంతో అప్పట్లో దానివల్ల రోజువారీగా ఏమీ మారలేదు. 2024 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు, ఐవీఎఫ్ కోసం శీతలీకరించిన పిండాలను కూడా బిడ్డలుగానే పరిగణించాలని తీర్పు చెబుతూ ఆ సవరణను ఆధారంగా తీసుకుంది. కొన్ని క్లినిక్కులు చికిత్స ఆపేశాయి. ఆ వారంలో రెండు తెలుగు జంటలు నాకు ఫోను చేశాయి, రెండు జంటలవీ భద్రపరిచిన పిండాలు ఉన్నాయి, రెండు జంటలూ ఉన్నది వేరే రాష్ట్రంలోనే. అయినా భయం. మార్చిలో చట్టసభ క్లినిక్కులకు రక్షణ చట్టం చేసింది. 2018లో ఆ వాక్యానికి యెస్ అన్నవారిలో ఎంతమంది ఐవీఎఫ్ గురించి ఆలోచించి ఉంటారు?

మీరు అడగలేదు గానీ, ఈ కుటుంబానికే చెందిన మరో ప్రశ్న మన పెద్దవాళ్లకు సంబంధించింది, వైద్య సహాయంతో మరణం, అంటే నయంకాని రోగి డాక్టరు రాసిన మందు తీసుకుని మరణించడం. ఒరెగాన్ ఓటర్లు 1994లో 51 శాతంతో దాన్ని ఆమోదించారు, 1997లో రద్దు చేయమన్న ప్రతిపాదనను 60 శాతంతో తిరస్కరించారు. వాషింగ్టన్‌లో 1991లో ఓడి 2008లో గెలిచింది. మసాచుసెట్స్‌లో 2012లో వెంట్రుకవాసిలో ఓడింది. కొలరాడోలో 2016లో గెలిచింది. వెస్ట్ వర్జీనియాలో 2024లో వచ్చింది దీనికి తలకిందులు, అక్కడ యెస్ అంటే రాజ్యాంగంలోనే నిషేధం. అది అతి స్వల్ప తేడాతో గెలిచింది.

నా రోగుల్లో రిటైరైన లెక్చరరు ఒకాయన ఉండేవారు, పాంక్రియాస్ క్యాన్సర్. "పరీక్షిత్తు మహారాజుకు ఏడు రోజులు గడువు ఇచ్చారు. నాకు మీరు ఆరు నెలలు అంటున్నారు డాక్టరుగారూ, ఒరెగాన్ వెళ్ళవచ్చా?" అని అడిగారు. అక్కడ ఇప్పుడు ఆ రాష్ట్రవాసే కావాలన్న నిబంధన అమల్లో లేదు. కానీ ఆరు నెలల లోపే మరణం అని ఇద్దరు డాక్టర్లు ధ్రువీకరించాలి, రోగి స్పృహలో ఉండి పదేపదే కోరాలి, మందును తన చేత్తోనే తీసుకోవాలి. ఇవన్నీ చెప్పాక, మీరు దేనికి భయపడుతున్నారు అని అడిగాను. చాలాసేపు మౌనంగా ఉండి, "గొట్టాలు" అన్నారు. మంచానికి కట్టేసి, నోట్లో గొట్టం పెట్టి, పిల్లలను గుర్తుపట్టలేకుండా పోతానేమోనని.

దానికి ఒరెగాన్ అవసరం లేదు. గొట్టాలు వద్దనడం వేరు, మందు తీసుకుని మరణించడం వేరు. చికిత్స వద్దనే హక్కు అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది, అది ఏ బ్యాలట్ మీదా ఆధారపడి లేదు. మేము లివింగ్ విల్, అంటే చివరి దశలో ఏ చికిత్సలు వద్దో ముందే రాసిపెట్టే పత్రం, రాయించాం. అవసాన దశ రోగులకు ఉపశమన సేవలందించే హాస్పిస్ ఇంటికే వచ్చింది. ఆయన తన గదిలో, కిటికీ పక్కన, మనవరాలు భాగవత పద్యాలు ఫోనులో వినిపిస్తుండగా వెళ్ళిపోయారు. ఒరెగాన్ ఏటా ప్రకటించే నివేదికలు చూస్తే, మందు రాయించుకున్నవారిలోనూ సుమారు మూడోవంతు మంది దాన్ని వాడరు. ఒహాయోలో ఈ ప్రశ్న వస్తే నేను నో వైపే మొగ్గుతానేమో. "మీకు భారం కాకూడదు" అనే మాట మన తల్లిదండ్రుల నోట ఎంత తేలికగా వస్తుందో నాకు తెలుసు. ఆ మాట మందు చీటీగా మారడం నన్ను భయపెడుతుంది.

మన దేశంలో ఇవి ఓటుకు రావు. గర్భస్రావ చట్టాన్ని 1971లో పార్లమెంటు చేసింది, 2021లో సవరించి కొన్ని వర్గాల మహిళలకు 24 వారాల దాకా పెంచింది. మరణం గురించి కోర్టులే చెప్పాయి. 2004లో హైదరాబాదులో, కండరాల క్షీణతతో మంచం పట్టిన యువ చదరంగం క్రీడాకారుడు ఒకరు, తాను పోకముందే అవయవాలు దానం చేయాలని కోరితే, తల్లి హైకోర్టు మెట్లెక్కారు. చట్టం ఒప్పుకోదని కోర్టు తిరస్కరించింది. 2018లో సుప్రీంకోర్టు లివింగ్ విల్‌ను గుర్తించింది. అక్కడ ఒక న్యాయమూర్తి రాత్రంతా కూర్చుని ఆలోచించే ప్రశ్నను ఇక్కడ మీ చేతికి ఇచ్చారు. అందుకే బరువుగా ఉంది మీకు. బరువుగా ఉండడమే సరైనది.

మీ అమ్మగారి సంగతి. ఆవిడ మాటను కొట్టిపారేయకండి. మన ఊళ్ళలో స్కానింగ్ సెంటరు గోడ మీద "ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు" అన్న బోర్డు చూసిన తరం వాళ్లది. గర్భస్రావం అనగానే వాళ్ల కళ్ల ముందు మెదిలేది ఆడపిల్ల అని తెలిసి చంపేసిన పాపం. ఆ బాధ నిజమైనది. నేను పెద్దవాళ్లతో ఇలా మాట్లాడతాను: "అమ్మా, మీ దృష్టిలో ఇది పాపం. పాపమైన ప్రతిదానికీ ప్రభుత్వం శిక్ష వేయాలా? ఏయే సందర్భాల్లో వద్దంటారు?" ఇలా అడిగితే చాలామంది ఆలోచించి, అత్యాచారం, తల్లి ప్రాణం, లోకంలోకి వచ్చినా గంటసేపు కూడా బతకని బిడ్డ అని ఒక్కొక్కటీ తామే చెబుతారు. అప్పుడు ఆ జాబితాను ప్రతిపాదన పాఠం పక్కన పెట్టి చూడండి. సరిపోలితే సరే. సరిపోలకపోయినా సరే, ఆవిడ తన మనసు తెలుసుకుని ఓటు వేస్తారు.

అమ్మగారు పౌరురాలైతేనే ఇదంతా. గ్రీన్ కార్డు మీద ఉంటే ఓటు వేయకూడదు, నమోదు కూడా చేసుకోకూడదు. పొరపాటున వేసినా దేశం నుంచి పంపించే దాకా వెళ్ళవచ్చు. డ్రైవింగ్ లైసెన్సు కౌంటరులో ఎవరైనా ఓటరు ఫారం ఇస్తే సంతకం పెట్టవద్దని చెప్పండి.

పౌరురాలై, ఇంగ్లీషు చదవలేకపోతే, తనకు నచ్చిన మనిషి సాయం తీసుకునే హక్కు సమాఖ్య చట్టం ఇస్తోంది. ఆ మనిషి ఆవిడ యజమానో, యూనియన్ ప్రతినిధో కాకూడదు, అంతే. కొడుకుగా మీరు పక్కన ఉండవచ్చు. మీ జిల్లా ఎన్నికల కార్యాలయం సైటులో మీ చిరునామాకు సంబంధించిన నమూనా బ్యాలట్ వస్తుంది. మూడు ప్రతులు అచ్చు తీసి, ముగ్గురూ విడివిడిగా గుర్తు పెట్టుకోండి. గుర్తు పెట్టేముందు ప్రతి ఒక్కరూ యెస్ అంటే ఏమవుతుందో ఒక తెలుగు వాక్యంలో పైకి చెప్పాలి. ఎవరి వాక్యమైనా తడబడితే మళ్ళీ పూర్తి పాఠం దగ్గరికి వెళ్ళండి. ఆ పాఠంలో ఏ మాట దగ్గర ఆగిపోయారో ఇక్కడ రాయండి, నేను చూస్తుంటాను.